ఊపిరి ముందా, గుండె ముందా?

పాలమూరు పట్టణమునకు మహబూబ్‌నగరు అన్న పేరు 1890 డిసెంబరు 4న వచ్చినది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు అది. అదే సంవత్సరము, అంతకు కొన్ని నెలల ముందు, లండనులో అచ్చగు లాన్సెట్ అను వైద్యపత్రిక హైదరాబాదునుండి వచ్చిన ఒక పెద్ద నివేదికను సంచిక వెంట సంచికగా ప్రకటించినది. ఆ నివేదిక వెనుక జరిగిన ప్రయోగములకు ధనమిచ్చినవాడును ఆ మహబూబ్ అలీఖానే. పేరు ఊరికి నిలిచినది. నివేదిక సంగతి మాత్రము కల్వకుర్తిలోను, నల్లగొండలోను, ఆ మాటకు వచ్చిన హైదరాబాదు నగరములోను వైద్యులు తప్ప ఎరిగినవారు అరుదు. 1897లో సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచిన వైనము బడిపిల్లలు కూడ చెప్పుదురు. అంతకు ఎనిమిదేండ్ల ముందే, మూసీనది ఒడ్డున, అంతకన్న ఎక్కువ మంది పనివారితో, ఎక్కువ ఖర్చుతో, ఎక్కువ వివాదముతో జరిగిన విచారణ ఇది. శస్త్రచికిత్స కొరకు బల్లమీద పడుకొన్న మనిషి, కత్తి పడకముందే ఒక్కొక్కప్పుడు ఎందుకు చనిపోవుచున్నాడు? ఆ విచారణకు మూలమైన ప్రశ్న ఇది.

ఈ ప్రశ్న బరువు తెలియవలెనన్న మత్తుమందు లేని కాలమును తలచుకొనవలెను. కల్వకుర్తి చుట్టుపట్ల ఏదో ఒక పల్లెలో రైతు కాలికి దెబ్బ తగిలి, పుండుపడి, కుళ్ళినదనుకొందము. నాటు వైద్యము అయిపోయిన తరువాత ఎడ్లబండి కట్టించుకొని ఎనభై కిలోమీటర్ల దారి నడచి నగరమునకు చేరినా, అక్కడ వైద్యుడు చేయగలిగినది కాలు తీసివేయుటే. నలుగురు మనుషులు అదిమి పట్టుకొనగా, రోగి కేకలు వీథిలోకి వినబడుచుండగా, రంపము ఆడవలెను. సుశ్రుతుడు శస్త్రమునకు ముందు రోగికి మద్యము త్రాగింపుమన్నాడు. లండనులో రాబర్ట్ లిస్టన్ వంటి వైద్యులకు కీర్తి వచ్చినది చేతి వేగము వలననే. కాలు తీయుటకు పట్టిన నిమిషములను చూడవచ్చినవారు గడియారములు పట్టుకొని లెక్కించెడివారు. మనదేశములో 1845లో హుగ్లీ పట్టణమున జేమ్స్ ఎస్డైల్ అను వైద్యుడు రోగి ముఖమున చేతులాడించి నిద్రపుచ్చి పెద్ద పెద్ద కంతులను కోసివేసినాడు. దానిని నేడు నవ్వుటకు వీలుగానే ఉన్నది గాని, నొప్పికి అడ్డు వెదకుటలో ఆనాటివారు ఎంత దూరము పోయినారో దానివలన తెలియును.

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టను నగరములో మోర్టన్ అను దంతవైద్యుడు ఈథరు పీల్పించి పదిమంది యెదుట శస్త్రచికిత్స చేయించినాడు. మరుసటి యేడు నవంబరులో ఎడింబరోలో సింప్సన్ అను ప్రసూతి వైద్యుడు క్లోరోఫారము తెచ్చినాడు. ఈథరుకన్న దీని వాసన ఇంపు, నిప్పంటుకొనదు, కొద్దిచుక్కలు చాలును. మనవంటి ఉష్ణదేశములలో దీనికి మరియొక గుణము కూడ కలదు. ఈథరు 35 డిగ్రీల వేడికే మరగిపోవును. పాలమూరు ఎండలలో సీసా మూత తీసిన చాలు, మందు సగము గాలిలో కలియును. క్లోరోఫారమునకు 61 డిగ్రీలు కావలెను. కనుక మన ఆసుపత్రులలో క్లోరోఫారము రాజ్యమేలినదనుటలో వింత లేదు.

కాని ఆ రాజ్యము మొదలైన మూడు నెలలలోనే ఒక చావు. 1848 జనవరిలో ఇంగ్లండు ఉత్తరభాగమున పదిహేనేండ్ల బాలిక ఒకతె కాలిగోరు తీయించుకొనుటకు వచ్చి, క్లోరోఫారము పీల్చిన రెండు మూడు నిమిషములలో ప్రాణము విడిచినది. పెద్ద గాయము కాదు, నెత్తురు పోలేదు, ముసలితనము లేదు. గోరు! ఇటువంటి చావులు తరువాత కూడ వచ్చుచునే ఉన్నవి. ఆనాటి లెక్కల ప్రకారము క్లోరోఫారము పుచ్చుకొన్నవారిలో సుమారు మూడువేల మందికి ఒకరు. ఈథరు వలన చావులు అంతకన్న చాల తక్కువ. మూడువేలకు ఒకటి అనగా ఒక సాధారణ వైద్యుడు జీవితమంతయు పనిచేసి ఒక్కటి కూడ చూడకపోవచ్చును. మరియొకడు మొదటి వారములోనే చూడవచ్చును. వివాదమంతయు ఈ అంకెలోనే దాగియున్నది. దీనికి మరల వత్తును.

వైద్యులు రెండు పక్షములైనారు. లండను పక్షమువారు, జాన్ స్నో మొదలుగా, క్లోరోఫారము గుండెనే ఆపివేయగలదని, కావున మందు ఇచ్చువాడు నాడిమీద వేలు వేసి ఉండవలెనని అన్నారు. స్నో సామాన్యుడు కాడు; 1853లో విక్టోరియా రాణికి ప్రసవ సమయమున క్లోరోఫారము ఇచ్చినవాడు, కలరా నీటి ద్వారా వ్యాపించునని చూపినవాడు. ఎడింబరో పక్షమువారికి గురువు జేమ్స్ సైమ్. ఆయన చెప్పినది, నాడి జోలికి పోవద్దు, ఊపిరిని చూడుమని. ఊపిరి నిలిచిన పిమ్మటనే గుండె నిలుచునని, ఊపిరి సవ్యముగా ఉన్నంతవరకు భయము లేదని ఆయన మతము.

సైమ్ శిష్యులలో ఒకడు ఎడ్వర్డ్ లారీ. 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా వచ్చి, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రికిని, హైదరాబాదు వైద్య పాఠశాలకును పెద్ద అయినాడు. ఆ పాఠశాల పుట్టినది 1846లో, అనగా బోస్టనులో ఈథరు పీల్పించిన సంవత్సరముననే. చాల కాలము అక్కడ బోధన ఉర్దూలో జరిగినది; తేరినవారికి హకీమ్ అను బిరుదు. లారీ మొండివాడు, మాటకారి, పనిమంతుడు. తన విద్యార్థుల చేతనే క్లోరోఫారము ఇప్పించి వేల సంఖ్యలో శస్త్రచికిత్సలు నడిపించినాడు. మరణములు లేవని ఆయన ప్రకటించుకొన్నప్పుడు లండనువారు నమ్మలేదు. నమ్మకపోవుటకు కారణము పక్షపాతమొక్కటే అనుట న్యాయము కాదు. 1880లోనే గ్లాస్గో నగరపు వైద్య సంఘమొకటి క్లోరోఫారము రక్తపు ఒత్తిడిని పడద్రోయునని, గుండెను కుంగదీయునని ప్రయోగముల మీద చూపియుండెను.

లారీ కోరికపై నిజాము ప్రభుత్వము 1888లో మొదటి క్లోరోఫారము కమిషన్ వేసినది. హెహిర్, కెల్లీ, షామరెట్ అను ముగ్గురు వైద్యులు అందు పనిచేసినారు. వందకు పైగా వీథికుక్కలకు క్లోరోఫారము ఇచ్చి, ప్రాణము పోవువరకు గమనించినారు. ఊపిరియే ముందు నిలిచినదని, గుండె తరువాత నిలిచినదని తేల్చినారు. 1889 ఆరంభములో వైద్య పాఠశాల బహుమతుల సభకు కన్నాట్ ప్రభువు భార్య వచ్చినప్పుడు లారీ ఈ ఫలితమును సగర్వముగ చాటినాడు. లాన్సెట్ పత్రిక వెంటనే ఎదురు వ్రాసినది. కుక్కలను చూచి మనుషుల మాట చెప్పుట ఎట్లు, లండనులో జరిగిన ప్రయోగములు అబద్ధమా అని.

ఆనాటి నిజాము ప్రభుత్వము చేసిన పని ఈ చోటనే మెచ్చదగినది. ఎదిరించిన పత్రికకే వేయి పౌనులిచ్చి, మీరే ఒక నిపుణుని పంపుడు, వచ్చి చూడనిండు అన్నది! వాదములో గెలువదలచినవాడు ప్రతిపక్షి చేతికి త్రాసు ఇచ్చుట తరుచుగా జరుగు పని కాదు. లాన్సెట్ పంపినది లాడర్ బ్రంటన్‌ను. గుండెపోటు నొప్పికి అమైల్ నైట్రైట్ పనిచేయునని 1867లో కనుగొన్న ఔషధ శాస్త్రజ్ఞుడాయన. క్లోరోఫారము గుండెకు అపాయకరమని ఒప్పుకొన్నవారిలోనివాడే. 1889 అక్టోబరులో ఆయన హైదరాబాదు చేరగా రెండవ కమిషన్ కూడినది. లారీ అధ్యక్షుడు, బ్రంటన్, జెరాల్డ్ బమ్‌ఫోర్డ్, రుస్తంజీ హకీమ్ సభ్యులు.

పని జరిగిన తీరు వినదగినది. కుక్కలు, గుఱ్ఱములు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు కలిపి 490 జంతువులపై మందు ప్రయోగించినారు. మరి 120 ప్రయోగములలో రక్తపు ఒత్తిడిని కొలుచు యంత్రమును అమర్చినారు. మసిపూసిన కాగితము చుట్టిన పీపా మెల్లగా తిరుగుచుండును. జంతువు రక్తనాళమునకు తగిలించిన గొట్టము చివర ముల్లు ఆ మసిమీద గీత గీయుచుండును. గుండె కొట్టుకొన్నంతసేపు గీత అలలుగా పోవును, నిలిచిన చోట తిన్ననై పడిపోవును. ఆ గీతలన్నింటికి ఫోటోలు తీసి, చూడదలచినవారికి చూపుటకై ఉంచినారు. తిండి లేక కృశించిన జంతువులను, భాస్వరము పెట్టి గుండె పాడుచేసిన కుక్కలను కూడ విడువలేదు. మందు చాలీచాలక సగము తెలివిలో ఉన్నప్పుడే పండ్లు పీకి, గోళ్ళు ఊడదీసి, ఆ అదురుపాటుకు గుండె ఆగునేమో చూచినారు. లండను పక్షము ఏయే అపాయములు చెప్పినదో వానినన్నిటిని ఒక్కొక్కటిగా పరీక్షకు పెట్టినారని వారి పక్షమున ఒప్పుకొనక తప్పదు. ఇంగ్లండులో 1876నుండి జంతువులపై ప్రయోగములకు చట్టము కట్టుబాట్లు విధించినది. హైదరాబాదులో అటువంటి అడ్డు లేదు. ఇన్ని వందల మూగజీవుల ప్రాణము గూర్చి నివేదిక తొణకని భాషలో చెప్పుకొనిపోవును. ఈనాడు చదువువారికి ఆ తొణకమియే కష్టముగా తోచును.

డిసెంబరులో బ్రంటన్ లాన్సెట్‌కు తంతి పంపినాడు. జంతువుల లెక్క చెప్పి, క్లోరోఫారము వలన అపాయము ఊపిరాడకపోవుట చేతగాని మందు ఎక్కువగుట చేతగాని వచ్చుచున్నదని, నేరుగా గుండెకు ఏ అపాయమును లేదని ఆ తంతి సారాంశము. ఎదిరిపక్షమున వచ్చినవాడే ఇట్లు వ్రాయుట లారీకి పండుగ. 1890లో పూర్తి నివేదిక వెలువడినది.

అందులో మందు ఇచ్చు విధానమును గూర్చిన సూచనలు కలవు. అవి మాత్రము నేటికిని చదువదగినవి. రోగిని వెల్లకిల పరుండబెట్టవలెను. మెడ, రొమ్ము, నడుము బిగించు బట్టలేవియు ఉండరాదు. దూది కుట్టిన తెరపిగల టోపీవంటి దానిపై మందు పోసి, గాలి ధారాళముగా కలియునట్లు ముఖమునకు పట్టవలెను. రోగి పెనగులాడి ఊపిరి బిగబట్టినప్పుడు టోపీని ముఖమునకు అదిమి పెట్టరాదు, ఏలయన తరువాత తీయు పెద్ద ఊపిరితో మందు ఒక్కసారిగా లోపలికి పోవును. ఊపిరి అడ్డగించిన క్రింది దవడను పైకి ఎత్తవలెను, నాలుకను పటకారుతో ముందుకు లాగవలెను, ఆలస్యము చేయక కృత్రిమ శ్వాస మొదలిడవలెను. అన్నిటికన్న ముఖ్యము, మందు ఇచ్చువాడు శస్త్రచికిత్స వైపు చూడనే చూడరాదు. చూపు, చెవి, మనస్సు రోగి ఊపిరి మీదనే.

ఊపిరి విలువ రేడియోలో ప్రసంగము చదువువారికి కొంత తెలియును. వాక్యము మధ్య అది తప్పిన దానిని దిద్దుకొనవచ్చును. బల్లమీద పడుకొన్నవాని ఊపిరి అట్టిది కాదు. దానిని కాచుటకు ఒక మనిషిని ప్రత్యేకముగా నియమించి, వేరొక పని పెట్టక, అందులో తరిఫీదు చేయుట హైదరాబాదులో ఆనాడే నడిచిన పద్ధతి. చాల ఆసుపత్రులలో మత్తుమందు ఇచ్చుట ఎవరికి తీరిక యుండిన వారికి అప్పగించు చిల్లరపనిగా ఉన్న దినములవి. లారీకి మరణములు తక్కువగుటకు కారణము ఆయన సిద్ధాంతమునకన్న ఈ పద్ధతిలోనే ఎక్కువ ఉన్నదని నా అభిప్రాయము.

అట్లు తరిఫీదైనవారిలో రూపాబాయి ఫర్దూంజీని ప్రత్యేకముగా చెప్పవలెను. పార్సీ కుటుంబపు ఆడపడుచు. 1885లో వైద్య పాఠశాలలో ప్రవేశము పొందిన తొలి స్త్రీలలో ఒకరు, 1889లో హకీమ్ పట్టము పొందినారు. అనగా రెండవ కమిషన్ కూడిన సంవత్సరమే. అఫ్జల్‌గంజ్‌లోను, రెసిడెన్సీ ఆసుపత్రిలోను, జనానా ఆసుపత్రిలోను ఆమె క్లోరోఫారము ఇచ్చుటయే ప్రధానవృత్తిగా చేసికొన్నారు. ప్రపంచమున మత్తుమందు వైద్యమును వృత్తిగా అవలంబించిన మొదటి స్త్రీ అని ఆమెను వైద్యచరిత్రకారులు పేర్కొందురు. పరదా పాటించు కుటుంబములు అంతటి రాజ్యములో, తెలివితప్పియున్న ఆడమనిషి తలవద్ద ఒక స్త్రీ నిలిచియుండుట ఎంత ధైర్యమో, ఎన్ని ఇండ్ల స్త్రీలకు ఆసుపత్రి గడప తొక్కుటకు ధైర్యమిచ్చినదో ఊహింపవచ్చును.

మరి సిద్ధాంతము సంగతి? అది నిలువలేదు. 1890లోనే అబర్డీన్ నగరమున మెక్‌విలియమ్ క్లోరోఫారము గుండెను ఉబ్బించి నీరసింపజేయుట చూపినాడు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనువారు రెండు జంతువుల రక్తప్రసారములను కలిపికట్టి, ఒకదాని మెదడుకు మాత్రము మందు చేరునట్లును, గుండెకు మాత్రము చేరునట్లును చేసి చూచినారు. గుండెకు చేరినప్పుడే ఒత్తిడి పడిపోయినది. చివరకు 1911లో గుడ్‌మన్ లెవీ అసలు గుట్టు విప్పినాడు. ఎక్కువ మందు కాదు, తక్కువ మందు ప్రమాదము! మత్తు పైపైన ఉన్న పిల్లికి అడ్రినలిన్ చేరిన వెంటనే గుండె కండరము లయ తప్పి, నెత్తురు తోడుట మాని, పురుగుల సంచివలె కదలి నిలిచిపోవుట చూచినాడు. భయపడినవాని నెత్తురులో అడ్రినలిన్ దానంతటదే ఊరును. గోరు తీయించుకొనుటకు వచ్చి వణకిన ఆ పదిహేనేండ్ల పిల్ల చావువంటి చావులకు అర్థము అరువది మూడేండ్లకు చిక్కినది.

అయిన యెడల హైదరాబాదువారు ఇన్ని జంతువులలో దీనిని ఎందుకు చూడలేదు? కొంత, జంతువుల భేదము. వారు వాడినవానిలో కుక్కలే ఎక్కువ. లెవీ పనిచేసినది పిల్లులతో. కొంత, వారి ప్రయోగములలో పెక్కింట మందును ఊపిరి నిలుచువరకు పెంచుకొనిపోయినారు. అట్టి చావులో ఊపిరియే ముందు పోవును, అది నిజమే. సగము మత్తులో పండ్లు పీకి చూచినమాటయు నిజమే. కాని మూడువేలకు ఒకటి వచ్చు అపాయము అయిదువందలలో కనబడవలెనన్న నియమమేమున్నది? లెక్క వేసి చూచిన, ఆరింట అయిదు వంతులు అది కనబడకపోవుటకే వీలు. కనబడలేదు అనుట వేరు, లేదు అనుట వేరు. నివేదిక ఆ గీతను దాటినది. లారీ పక్షమున ఒక్కమాట చెప్పవలెను. గుండె ఆగినదనుకొన్న వైద్యుడు ఆ కాలమున చేతులు కట్టుకొని నిలుచుట తప్ప చేయగలది లేదు. ఊపిరి ఆగినదనుకొన్నవాడు దవడ ఎత్తి, రొమ్ము అదిమి, పని చేయును. తప్పు సిద్ధాంతము అట్లు కొందరిని బ్రతికించియుండవచ్చును. అదే సిద్ధాంతము, నాడి చూడనక్కరలేదని చెప్పి, కొందరిని చంపియుండవచ్చును గూడ. ఈ రెండు లెక్కలు కలిపి తీర్పు చెప్పగలవారెవ్వరును లేరు.

ఇంగ్లండులో ఈ తగవు వలన మరియొక మేలు జరిగినది. గాలిలో క్లోరోఫారము వంతు నూటికి రెండు మించకుండ చేయు హార్‌కోర్ట్ పరికరము 1900 తరువాతి కొద్ది యేండ్లలో వచ్చినది. మందు చుక్కలుగా గాక, వంతులుగా కొలుచు అలవాటు దానితో బలపడినది. 1956నుండి హాలోథేన్ అను మందు వ్యాపించి క్లోరోఫారమును మూలకు నెట్టినది. చిత్రమేమన, అడ్రినలిన్‌తో కలిసినప్పుడు గుండె లయ తప్పించు దుర్గుణము హాలోథేన్‌కును కొంత ఉన్నది. అయితే అప్పటికి వైద్యులు దానిని ఎదురుచూచి జాగ్రత్తపడిరి.

అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908లో మూసీ వరదలకు పాడైనది. ఆ నదీతీరముననే ఉస్మానియా ఆసుపత్రి భవనము తరువాత లేచినది. లారీ 1901లో క్లోరోఫారముపై ఒక పుస్తకము ప్రకటించి, ఆ యేడే హైదరాబాదు విడిచిపోయినాడు; 1915లో మరణించువరకు తన మతము మార్చుకొనలేదు. మహబూబ్ అలీఖాన్ 1911లో గతించినాడు. లెవీ పిల్లుల ప్రయోగము వెలువడినదియు ఆ సంవత్సరముననే. రూపాబాయి 1909లో ఎడింబరో వెళ్ళి భౌతిక, రసాయన శాస్త్రములు అభ్యసించి తిరిగివచ్చినారు. సైమ్ పాఠము చెప్పిన ఊరికి, ఇరువది సంవత్సరములు ఆ పాఠమును చేతులతో నడిపించిన తరువాత, ఆమె విద్యార్థినిగా వెళ్ళుట అది. మరల హైదరాబాదులో రోగుల తలవద్ద నిలిచి, చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా 1920లో ఉద్యోగవిరమణ చేసినారు.